మంటలాఫీసులో ఉప్పు

విశాఖపట్నం దాటి కాస్త ఉత్తరానికి వెళ్తే, సముద్రాన్ని ఆనుకున్న గుట్ట మీద ఒక సంస్థ కనిపిస్తుంది. దాని పూర్తి పేరు అగ్నినిరోధక ప్లాస్టిక్కుల పరిశోధన, ప్రామాణీకరణ మరియు ప్రోత్సాహక కేంద్రం. అంత పేరు చెబితే ఆటోవాళ్ళు మొహం చిట్లిస్తారు. "మంటలాఫీసు" అంటే మాత్రం తిన్నగా తీసుకొచ్చి గేటు ముందు దింపేస్తారు. అక్కడ మంటలు పెట్టేది తక్కువ, మీటింగులు పెట్టేది ఎక్కువ అన్న సంగతి వాళ్ళకి తెలియదు పాపం.

ఆ సంస్థలో డాక్టర్ హైమవతి సీనియర్ శాస్త్రవేత్త. ఆవిడ ఒక వైరు తయారుచేసింది. వైరంటే లోపలి రాగి తీగ కాదు, దాని పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు. మామూలు తొడుగులో క్లోరిన్ ఉంటుంది. క్లోరిన్‌కి ఫ్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ అని అన్నదమ్ములున్నారు; అందరినీ కలిపి హాలోజన్లంటారు. మంట త్వరగా అంటుకోకుండా ఆపడంలో వీళ్ళు గట్టివాళ్ళే. కానీ ఖర్మకాలి అంటుకుందా, వచ్చే పొగ అచ్చంగా ఆమ్లం. గొంతు పట్టేస్తుంది, కళ్ళు తెరవనివ్వదు. హైమవతి వీళ్ళెవరినీ దగ్గరికి రానివ్వకుండా ప్లాస్టిక్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడు పొడి కలిపింది. వేడి తగిలితే అది నీటి ఆవిరి వదిలి మంటని చల్లారుస్తుంది. దానికి తోడు భాస్వరం, నత్రజని ఉన్న ఇంకో పొడి వేసింది. అది పూరీలా పొంగి, నల్లటి పొర కట్టి, మంటని లోపలికి పోనివ్వదు. చెప్పడానికి ఇంతే. పొడి ఎక్కువైతే వైరు చీపురుపుల్లలా విరుగుతుంది, తక్కువైతే హాయిగా కాలుతుంది. ఆ పాళ్ళు కుదిరేసరికి ఆవిడకి సగం జుట్టు నెరిసింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, కిందటేడు ఊళ్ళో పిల్లల ఆసుపత్రిలో స్విచ్చిబోర్డు అంటుకుంది. మంట చారెడు, పొగ మాత్రం వార్డంతా. హెడ్ నర్సు ఎస్తేరమ్మ చంకకొకర్ని వేసుకుని పిల్లలందర్నీ బయటికి మోసింది. దేవుడి దయవల్ల అందరూ బతికారు. ప్రమాదానికి కారణం రాయడానికి సంస్థ తరఫున వెళ్ళిన హైమవతి, వరండాలో పిల్లలు దగ్గుతున్న దగ్గు విని, రాయడం మానేసి అక్కడే కూర్చుండిపోయింది. ఆ దగ్గు ఇప్పటికీ ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

పాత వార్డు అప్పుడే మూసేశారు. ఇప్పుడు కొత్త వార్డు తయారైంది. గోడల్లో ఈవిడ వైరే వేశారు. కానీ "ఇది హాలోజన్ రహితము" అని మంటలాఫీసు డైరెక్టరు సంతకం పెడితేగానీ వార్డు తాళం తియ్యరు. అంతవరకూ పిల్లలు వరండాలోనే, మంచానికి ఇద్దరేసి చొప్పున.

ఒక్క సంతకం. అంతే కావాలి.

డైరెక్టరు పరాంకుశంగారు మంచివారు. ఎవర్నీ కసురుకోరు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి కూడా నమస్కారం పెడతారు. ఆయనలో ఒకటే లోపం, వేళాకోళం అర్థం కాదు. ఆ లోపమే ఆయన్ని డైరెక్టరు కుర్చీ దాకా తెచ్చిందని కొందరంటారు. ఢిల్లీ సెమినార్‌లో ఆయన హాలోజన్ రహిత భవిష్యత్తు గురించి గంభీరంగా ఉపన్యసించి టీ తాగుతుంటే, ఎవరో పెద్దమనిషి వచ్చి, "ఇంతకీ మీ సంస్థ కూడా హాలోజన్ రహితమేనా అండీ?" అని అడిగి, బిస్కెట్టు తీసుకుని వెళ్ళిపోయాడట. పరాంకుశంగారు టీ పూర్తి చేయలేకపోయారు.

తిరిగొచ్చిన రోజే మీటింగు పెట్టారు.

"మిత్రులారా, మనం దేశానికి హాలోజన్ రహిత ధ్రువపత్రాలిచ్చే సంస్థ. కానీ మన ప్రాంగణం సంగతేమిటి? అపరిశుద్ధ ప్రాంగణం నుంచి పరిశుద్ధ ధ్రువపత్రం వెలువడుట నైతికంగా సాధ్యమేనా?" అన్నారు.

పరిపాలనాధికారి సన్యాసిరాజు గబగబా "సాధ్యం కాదు సార్" అని రాసుకున్నాడు. ఆయనకి డైరెక్టరు వాక్యంలో ప్రశ్న కనిపిస్తే చాలు, జవాబు రాసేసుకుంటాడు.

హైమవతి లేచి నిలబడింది. "సార్, నా వైరు పరీక్ష అయిపోయింది. ప్రమాణాల ప్రకారం అతి కొద్దిగా ఉన్నా ఫరవాలేదు. మా దాంట్లో అంతకన్నా తక్కువే వచ్చింది."

"కొద్దిగా అంటే ఉన్నట్టేగా?"

"వేలికి అంటుకున్న ఉప్పు చాలు సార్, ఆ మాత్రం కనిపించడానికి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఉప్పు అంటే సోడియం క్లోరైడు. క్లోరైడు అంటే క్లోరిన్. అది కాంటీన్‌లో డబ్బాలకొద్దీ, బాహాటంగా, మూత కూడా లేకుండా ఉంది!

"పైగా అయొడైజ్డ్ ఉప్పు సార్," అన్నాడు సన్యాసిరాజు. "ఒకే డబ్బాలో ఇద్దరు హాలోజన్లు!"

*

మర్నాడు కాంటీన్ గోడ మీద కాగితం అంటించారు. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ప్రాంగణమందు ఉప్పు యొక్క ప్రవేశము, నిల్వ, వినియోగము మరియు ప్రస్తావన నిషేధించడమైనది."

కాంటీన్ నడిపే అప్పయ్యమ్మ ఆ కాగితం ఇద్దరిచేత చదివించుకుని హైమవతి గదికి వచ్చింది.

"ఏటమ్మా ఇది? ఉప్పు నేకుండా సాంబారు ఎలగ కాత్తాను? ఆ బాబుకి బీపీ ఏటైనా ఉందేటి?"

"బీపీ కాదు అప్పయ్యమ్మా, ఆదర్శం."

"అదేటి, మందులకి తగ్గదా?"

"తగ్గదు."

"అయితే పోన్లెండి. చింతపండు కాస్త ఎక్కువేత్తాను," అని నిట్టూర్చి వెళ్ళిపోయింది.

హైమవతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మధ్యాహ్నం ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. "మేడంగారూ, ఎండలు ముదిరిపోతున్నాయి. వరండాలో పిల్లలు మాడిపోతున్నారండీ. మీ సార్ సంతకం ఏమైందండీ?"

"అయిపోతుంది సిస్టర్. ఇక్కడ చిన్న శుద్ధి కార్యక్రమం జరుగుతోంది, అంతే."

చిన్నదే అనుకుంది ఆవిడ కూడా.

గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళకి వెండి నైట్రేటు సీసాలు, చుక్కల గొట్టాలు ఇచ్చారు. ఏ నీళ్ళలోనైనా ఆ చుక్క వేస్తే, క్లోరైడు ఉంటే పాలు విరిగినట్టు తెల్లగా మారిపోతుంది. కాలేజీ పిల్లలు చేసే పరీక్షే. కానీ దాన్ని ఆవకాయ మీద చేసిన ఘనత మాత్రం మంటలాఫీసుదే. అందరి కారియర్లూ విప్పించి పప్పులో ఓ చుక్క, చారులో ఓ చుక్క, మజ్జిగలో ఓ చుక్క. లెక్కల విభాగం పెద్దాయన మాగాయ జాడీని గేటు బయట రాయి కింద దాచుకుని, గంటకోసారి సిగరెట్టుకని వెళ్ళి వేలు నాకి వస్తున్నాడని అందరికీ తెలుసు. ఆయన సిగరెట్టు తాగడని కూడా అందరికీ తెలుసు.

తర్వాత టూత్‌పేస్టు వంతు వచ్చింది, అందులో ఫ్లోరైడు. ఉద్యోగులు వేపపుల్లతో పళ్ళు తోముకుని రావాలి. ప్రథమ చికిత్స పెట్టెలోంచి అయొడిన్ సీసా బహిష్కృతమైంది. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ పౌడరుంది కనుక ట్యాంకు కట్టేసి, తాగడానికి ప్రయోగశాలలో వాడే డిస్టిల్డ్ వాటరు పెట్టారు. పరాంకుశంగారు ఇంట్లో కూడా అవే నీళ్ళు తాగుతూ, ఇంట్లో కూడా ఉప్పు మానేశారు. ఆయన చెప్పేదొకటి చేసేదొకటి రకం కాదు, అదే వచ్చిన చిక్కు.

చివరికి ఎవరో గోడల్లోకి చూశారు. భవనమంతా పాత రకం వైర్లు. వాటి తొడుగుల్లో క్లోరిన్! అగ్ని నిరోధక సంస్థ గోడల్లోనే శత్రువు! అవన్నీ పీకించేశారు.

"వాటి బదులు నా వైరు వేయించవచ్చు కదా సార్?" అంది హైమవతి ఆశగా.

"మీ వైరుకి ఇంకా ధ్రువపత్రం లేదు కదమ్మా," అన్నారు పరాంకుశంగారు ఎంతో ఆప్యాయంగా.

ఫ్యాన్లు ఆగిపోయాయి. మే నెల. పోనీ కిటికీలు తెరుచుకుందామంటే ఎదురుగా సముద్రం.

సముద్రం గురించి ప్రత్యేకంగా ఉపసంఘం వేశారు. సముద్రపు గాలిలో ఉప్పు తుంపరలుంటాయి. అంటే బంగాళాఖాతం అనుమతి లేకుండా ప్రాంగణంలోకి క్లోరైడు పంపుతోంది. సన్యాసిరాజు సంజాయిషీ నోటీసు ముసాయిదా కూడా రాశాడు గానీ ఎవరి పేరున పంపాలో తేలలేదు. ఎంతో చర్చ జరిగాక ఉపసంఘం తన నివేదికలో, "సముద్రము సంస్థ కన్నా ముందు నుంచి అచ్చట ఉన్నందున దానిని తరలించుట ప్రస్తుతమునకు ఆచరణసాధ్యము కాదు, కిటికీలు మూయవచ్చును" అని సిఫారసు చేసింది. సంస్థ చరిత్రలో అంత వివేకమైన నివేదిక ఇంకోటి లేదని హైమవతి ఇప్పటికీ అంటుంది.

కిటికీలు మూసి, సందుల్లో మైనం పెట్టారు.

*

శుద్ధి పూర్తయిందని ప్రకటించిన రోజున పరాంకుశంగారి ఎదుటే వైరుకి మళ్ళీ పరీక్ష జరిగింది. హైమవతి వైరు ముక్కని పట్టకారుతో పట్టుకుని కాల్చి, ఆ పొగని డిస్టిల్డ్ వాటరులోకి పంపి, గాజు గొట్టంలో వెండి నైట్రేటు చుక్క వేసింది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. అద్దంలా ఉన్నాయి.

"సున్నా సార్! సున్నా!" అని హైమవతి చిన్నపిల్లలా అరిచి, గొట్టం చూపించడానికి ముందుకు వంగింది. ఆ ఉక్కలో ఆవిడ నుదుటి మీంచి ఒక చెమట బొట్టు జారి, తిన్నగా గొట్టంలో పడింది.

నీళ్ళు తెల్లగా విరిగాయి.

సన్యాసిరాజు కలం కదలడం మొదలుపెట్టింది.

"అది నా చెమట సార్! వైరుది కాదు!" ఓపిక నశించిపోయింది హైమవతికి. "చెమటలో ఉప్పుంటుంది. కన్నీళ్ళలో ఉంటుంది. నెత్తురులో ఉంటుంది. మన కడుపులో ఉండేదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మనిషన్నాక క్లోరిన్ లేకుండా ఎలా ఉంటాడు సార్?"

పరాంకుశంగారు తెల్లబడ్డ ఆ నీళ్ళ వైపు వంగి చూశారు.

"ఇది ఎంతమందిలో ఉంది?" అని మెల్లగా అడిగారు.

"అందరిలో!"

"క్లాస్ వన్ అధికారుల్లో కూడానా?"

"అందరిలో అంటే అందరిలో సార్!"

ఆయన లేచి వచ్చి, హైమవతి చేతిలోని గొట్టం తీసుకుని, ఎంతో కరుణగా చూశారు. "అంటే వైరు నిర్దోషి. నాకు సంతోషంగా ఉందమ్మా. దోషం మనది."

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. "హాలోజన్ కలిగిన సిబ్బంది" ప్రాంగణం వదిలి వెళ్ళాలి. మర్నాడు గేటు బయట షామియానా వేశారు. కుర్చీలు, బల్లలు, ఫైళ్ళు అక్కడికి చేరాయి. సముద్రపు గాలి కొడుతుంటే ఉద్యోగుల ప్రాణం లేచొచ్చింది. అప్పయ్యమ్మ గేటు బయటే పొయ్యి పెట్టి, ఉప్పేసి మరీ పులిహోర కలిపింది. అది తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. గుట్ట మీద భవనం మాత్రం ఒక్క పురుగు కూడా లేకుండా, పరమ పవిత్రంగా, తాళం వేసి ఉంది.

"మరి నా ధ్రువపత్రం?" అంది హైమవతి.

సన్యాసిరాజు గొంతు సవరించుకున్నాడు. "ధ్రువపత్రం లోపలి కార్యాలయం నుంచే వెలువడాలి మేడం. నిబంధన. కానీ లోపలికి మనుషులెవరూ వెళ్ళకూడదు. అదీ నిబంధనే."

"అయితే సంతకం ఎవరు పెడతారు? గోడలా?"

"ఆ విషయం పరిశీలనలో ఉంది."

అదిగో, అప్పుడు హైమవతికి నిజంగా కోపం వచ్చింది. అంతకుముందే ఎస్తేరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి సంతకం సంగతి అడగలేదు. ఒక చిన్నపిల్లకి వడదెబ్బ తగిలిందని, ఇప్పుడు ఫరవాలేదని చెప్పి పెట్టేసింది. అడిగినా బాగుండేది. హైమవతి తిన్నగా డైరెక్టరు దగ్గరికెళ్ళి, "పిల్లలు ఎండలో చస్తున్నారు సార్. మీ పవిత్రత వాళ్ళకెందుకు?" అనేసింది.

పరాంకుశంగారి మొహం పాలిపోయింది. మాట కటువుగా తగలడం వల్ల అనుకుంది ఆవిడ. నిజానికి కొన్నాళ్ళుగా ఆయన మొహం పాలిపోయే ఉంది. "నేను వెళ్తాను," అన్నారాయన. "నేను ఉప్పు మానేసి నెల దాటింది. నాలో ఏమీ మిగిలి ఉండదు. చూడండి, ఇంత ఎండలో నాకు చెమటే లేదు!"

నిజమే, ఆయన నుదురు కాగితంలా పొడిగా ఉంది. అది మంచి లక్షణం కాదని హైమవతికి అనిపించింది. "సార్, ముందు కాస్త మజ్జిగ తాగండి," అంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నుదుటిని తడి దూదితో తుడిచి, ఆ నీళ్ళలో చుక్క వేశాడు. అంతకుముందే డిస్టిల్డ్ వాటరుతో మొహం కడుక్కున్నారేమో, నీళ్ళు తేటగా ఉన్నాయి. షామియానాలో చప్పట్లు మోగాయి. సన్యాసిరాజు గేటు తీసి, తాళంచెవి చేతికిచ్చాడు. పరాంకుశంగారు తూలుకుంటూ, కానీ ఎంతో హుందాగా, గాలాడని ఆ భవనంలోకి నడిచి వెళ్ళారు.

గేటుకి ఎదురుగా ఉన్న ఆయన గది అద్దంలోంచి అందరూ చూస్తుండగా ఆయన లోపలే వదిలేసిన తన కుర్చీలో కూర్చున్నారు, కలం మూత తీశారు, "పరాం" అని రాశారు. తర్వాత కలం అలా గీత గీసుకుంటూ కాగితం చివరిదాకా పోయింది. ఆయన బల్ల మీదికి ఒరిగిపోయారు.

"అయ్యో సార్!" అని హైమవతి లోపలికి పరిగెత్తింది.

"మేడం, మీలో హాలోజన్..." అంటూ సన్యాసిరాజు అడ్డొచ్చాడు.

ఆవిడ అతన్ని ఒక్క తోపు తోసింది. వెనకాలే అప్పయ్యమ్మ, ఆ వెనకాల మాగాయ పెద్దాయన, అందరూ పరిగెత్తారు. ఆ రోజు ప్రాంగణంలోకి వెళ్ళినంత క్లోరిన్ బహుశా సంస్థ పుట్టాక ఎన్నడూ వెళ్ళి ఉండదు.

*

దగ్గరలో ఉన్నది పిల్లల ఆసుపత్రే. ప్రాణం మీదికొచ్చింది కనుక చేర్చుకున్నారు. మంచాలేవీ ఖాళీ లేవు. ఎస్తేరమ్మ వరండాలో ఒక మంచం మీదున్న పైడితల్లి అనే చిన్నపిల్లని పక్కకి జరిపి, పరాంకుశంగారిని పడుకోబెట్టింది. చేతికి సూది గుచ్చి, పైన సీసా వేలాడదీసింది.

ఆయన కళ్ళు తెరిచేసరికి హైమవతి పక్కనే నిలబడి, అట్టముక్కతో విసురుతోంది.

"ఆ సీసాలో ఏముంది?" అన్నారు నీరసంగా.

"సెలైన్ అండీ. ఉప్పు నీళ్ళు," అంది ఎస్తేరమ్మ.

ఆయన లేవబోయారు. ఎస్తేరమ్మ ఒక చేత్తో మళ్ళీ పడుకోబెట్టింది. పిల్లల్ని అలవాటుగా పడుకోబెట్టే చెయ్యి అది, దానికి డైరెక్టర్లు లెక్కలేదు. "కదలకండి. మీ ఒంట్లో ఉప్పు అయిపోయింది. నెత్తుర్లో క్లోరైడు మరీ తక్కువగా ఉందని డాక్టరుగారన్నారు."

పరాంకుశంగారి కళ్ళలో ఒక వెలుగు మెరిసింది. "సున్నాయేనా?"

"సున్నా అయితే మీరు ఇక్కడుండరు సార్," అంది హైమవతి.

ఆయన సీసా వంక చూశారు. ఒక్కో చుక్కా పడుతోంది. పడుతున్నకొద్దీ ఆయనకి ప్రాణం వస్తోంది, అది ఆయనకే తెలుస్తోంది, కాదనడానికి లేదు. ఎంతసేపు చూశారో! ఈలోగా పైడితల్లికి చోటు చాలక ఆయన డొక్కలో మోచెయ్యి పెట్టింది.

"తాతా, కుసింత జరుగు. నాను పడిపోతన్నాను."

ఆయన జరిగారు. జరిగితే అటు ఆయనే పడిపోయేలా ఉన్నారు. చుట్టూ చూశారు. అన్ని మంచాల మీదా ఇద్దరేసి పిల్లలు. వరండా చివర కొత్త తెల్ల గోడలు, పెద్ద తలుపు, దానికి తాళం.

"అంత పెద్ద వార్డు ఖాళీగా ఉంచి వీళ్ళని ఎండలో పడుకోబెట్టారేం?" అన్నారు కోపంగా. "ఎవరండీ దీనికి బాధ్యులు?"

ఎస్తేరమ్మ థర్మామీటరు దులపడంలో మునిగిపోయింది. హైమవతి విసురుతున్న అట్ట ఆగిపోయింది.

ఆయనకి గుర్తొచ్చింది. వేళాకోళం అర్థంకాని మనిషికి కూడా కొన్ని సంగతులు అర్థమవుతాయి. సూది లేని చెయ్యి మెల్లగా చాపారు. హైమవతి ఆయన బల్ల మీంచి తెచ్చిన కాగితాన్ని సంచిలోంచి తీసి, కింద అట్ట పెట్టి పట్టుకుంది. "పరాం" అన్న చోట, కిందికి జారిపోయిన గీత పక్కన, ఆయన "కుశం" అని పూర్తి చేశారు.

"సార్, ఇది ప్రాంగణం బయట చేసిన సంతకం," అన్నాడు కాళ్ళ దగ్గర నిలబడ్డ సన్యాసిరాజు, గుటకలు మింగుతూ. "పైగా తమరిలోకి ఇప్పుడు క్లోరైడు..."

"రాసుకోండి. హాలోజన్ రహితం అన్నమాట ఇకపై వైర్లకి మాత్రమే వర్తిస్తుంది. సిబ్బందికి, సముద్రానికి మినహాయింపు."

సన్యాసిరాజు రాసుకున్నాడు. సముద్రం పేరు దగ్గర సరిచూసుకోవడానికి ఒకసారి తలెత్తి, మళ్ళీ రాసుకుపోయాడు.

గంటలో తాళం తీశారు. హైమవతి తన చేత్తోనే స్విచ్చి నొక్కింది. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. గోడల్లో ఆవిడ వైరు ఏ చప్పుడూ చేయకుండా తన పని తాను చేసుకుపోతోంది. దాని గొప్పతనం ఎప్పటికీ ఎవరికీ తెలియకుండా పోవాలనే ఆవిడ కోరిక. పిల్లల్ని ఒక్కొక్కర్నీ లోపలికి తీసుకెళ్తుంటే ఆవిడకి కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు.

ఆఖరికి వరండాలో ఒక్క మంచం మిగిలింది.

"నన్ను కూడా లోపలికి తీసుకెళ్ళమ్మా. ఇక్కడ ఉక్కగా ఉంది," అన్నారు పరాంకుశంగారు.

ఎస్తేరమ్మ చేతులు కట్టుకుంది. "కుదరదండీ. అది పన్నెండేళ్ళ లోపు పిల్లల వార్డు. రూలు."

హైమవతి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. పరాంకుశంగారు ఎస్తేరమ్మని తేరిపారచూశారు. ఆయన మొహంలో కోపం లేదు. చాలా రోజుల తర్వాత ఒక సాటి మనిషి దొరికినంత తృప్తి కనిపించింది.

"చూశారా హైమవతిగారూ, సంస్థ అంటే ఇలా ఉండాలి," అని, దిండు సర్దుకుని, గోడవైపు తిరిగి హాయిగా పడుకున్నారు. ఆయన నుదుటి మీద అప్పుడే సన్నగా చెమట పడుతోంది.